అన్న ఎవరు, తమ్ముడు ఎవరు: మూడు అమెరికన్ బాక్సింగ్ చిత్రాల్లో పతనం, తులన

తెలుగులో ఇంగ్లీషు ‘బ్రదర్’కు సరితూగే వాడుకమాట లేదు. ‘సోదరుడు’, ‘సహోదరుడు’ అన్నవి వేదికల మీదా వార్తల్లోనూ వినిపిస్తాయి గాని ఇంట్లో ఎవరూ ఎవరినీ అలా పిలవరు. తోడబుట్టినవాణ్ణి పిలవాలంటే ముందు వయసు తేలాలి. అతడు అన్న కావాలి, లేదా తమ్ముడు కావాలి. ఆ మాటతోపాటే ఎవరు ఎవరికి బాధ్యుడో, ఎవరిని ఎవరు పేరు పెట్టి పిలవవచ్చో కూడా తేలిపోతుంది. ఇంగ్లీషుకు అక్కరలేని ఈ నిర్ణయం ఇంగ్లీషు కథల్లో మరుగున ఉన్న కొన్ని అంశాలను బయటపెట్టగలదు. బాక్సరు పతనాన్ని అతని తోబుట్టువు పక్కన నిలిపి చూపిన మూడు అమెరికన్ చిత్రాలను ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. అవి ఎలియా కజాన్ ‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’ (1954), మార్టిన్ స్కోర్సేసి ‘రేజింగ్ బుల్’ (1980), డేవిడ్ ఓ. రసెల్ ‘ది ఫైటర్’ (2010).

బాక్సింగ్ చిత్రాల విమర్శ సాధారణంగా శరీరం చుట్టూ తిరుగుతుంది. పేదవాడికి శరీరమే పెట్టుబడి, అది అరిగిపోయినప్పుడు అతని కథ ముగుస్తుంది అన్నది అందులో పరిచితమైన సూత్రం. ఇది తప్పు కాదు, అయితే చాలదు. బాక్సరు శరీరం ముప్ఫై దాటగానే ముసలిదవుతుంది. ఇది అందరికీ జరిగేదే. అందరికీ జరిగేది క్షయం అవుతుంది గాని పతనం కాదు. క్షయం పతనంగా కనిపించాలంటే పక్కన ఒక కొలత ఉండాలి. పై మూడు చిత్రాల్లోనూ ఆ కొలతగా నిలిచినవాడు తోబుట్టువు. ‘వాణ్ణి చూసైనా బుద్ధి తెచ్చుకో’ అని మన ఇళ్లలో వినిపించే మాటకు ఉన్న నిర్మాణమే ఇక్కడా ఉంది. ఆలంకారిక పరిభాషలో దీన్ని వ్యతిరేకంతో పోల్చవచ్చు. ఉపమాన ఉపమేయాలకు సామ్యం ఉంటూనే ఒకదానికి ఆధిక్యం చెప్పడం వ్యతిరేకం. ఒకే తల్లి బిడ్డలు, ఒకే వీధి, ఒకే పేదరికం. అయినా ఒకడు నిలిచాడు, ఒకడు పడ్డాడు. కాని ఏ తులనకైనా పోల్చే రెండు వస్తువులూ వేరువేరుగా ఉండాలి. ఒకటి రెండోదానికి కారణమైతే అక్కడ తులన చెల్లదు, లెక్క తేల్చవలసి వస్తుంది. ఈ మూడు చిత్రాలూ తులనతో మొదలై లెక్క దగ్గరికి చేరతాయి. ఎవరు ఎవరికి బాకీ అన్నది మాత్రం ఎవరు అన్న, ఎవరు తమ్ముడు అన్నదాని మీద ఆధారపడి మారుతుంది.

‘ఆన్ ది వాటర్‌ఫ్రంట్’లో పడినవాడు తమ్ముడు. టెర్రీ మలాయ్ (మార్లన్ బ్రాండో) ఒకప్పుడు పేరు తెచ్చుకోబోయిన బాక్సరు. ఇప్పుడు ఓడరేవు కూలీల సంఘాన్ని గుప్పిట్లో పెట్టుకున్న జానీ ఫ్రెండ్లీ దయవల్ల తేలికపాటి పనులు చేసుకుంటూ, మేడమీద పావురాలు పెంచుకుంటూ రోజులు వెళ్లబుచ్చుతున్నాడు. అన్న చార్లీ (రాడ్ స్టైగర్) చదువుకున్నవాడు, ఫ్రెండ్లీకి కుడిభుజం. అన్న ఒంటి మీద ఖరీదైన ఒంటెవెంట్రుకల కోటు, తమ్ముడి ఒంటి మీద నలిగిన జాకెట్టు. ఆహార్యంతోనే వ్యతిరేకం స్థిరపడిపోయింది.

చిత్రంలో ఫ్రెండ్లీ వెంట తిరిగే బలిష్ఠులైన అనుచరుల్లో ముగ్గురు నిజజీవితంలో హెవీవెయిట్ బాక్సర్లు: టోనీ గాలెంటో, ఏబ్ సైమన్, టామీ మౌరియెల్లో. ముగ్గురూ ప్రపంచ టైటిల్ కోసం జో లూయీతో తలపడి ఓడినవారు. వయసు మళ్లిన బాక్సరు గతి ఏమిటో సంభాషణ చెప్పకముందే ఆ ముఖాలు చెబుతాయి. టెర్రీ వారి పక్కన కూర్చున్నప్పుడల్లా అతని రేపటి రూపం చట్రంలోనే ఉంటుంది. ఈ చిత్రాన్ని గురించి రాసేటప్పుడు దీన్ని ఒక వింత విశేషంగా పేర్కొని వదిలేయడం సరికాదు. టెర్రీకి ఉన్న రెండు కొలతల్లో ఇది ఒకటి: ఒక వైపు అన్న కోటు, మరో వైపు ఈ ముగ్గురు.

టాక్సీ దృశ్యం గురించి ఇప్పటికే చాలా వివేచన జరిగింది. అందులో పెద్ద భాగం బ్రాండో నటన గురించి, మిగిలింది కజాన్ రాజకీయం గురించి. కజాన్ 1952లో, రచయిత బడ్ షుల్‌బర్గ్ 1951లో అమెరికన్ ప్రతినిధుల సభ కమిటీ ముందు తమ పూర్వ సహచరుల పేర్లు చెప్పారు. అందుచేత సాక్ష్యం చెప్పడమే వీరత్వంగా నడిచే ఈ కథను వారి ఆత్మసమర్థనగా చదవడం పరిపాటి అయింది. ఆ పఠనంలో చార్లీ కేవలం ఒక అడ్డంకి. సాక్ష్యం చెప్పవద్దని నచ్చజెప్పడానికి వచ్చి, విఫలుడై, ప్రాణం పోగొట్టుకునే పాత్ర. దృశ్యం నడక మాత్రం వేరే మాట చెబుతుంది.

చార్లీ ముందు ఒక మంచి ఉద్యోగం ఎర చూపుతాడు. టెర్రీకి ముప్ఫై దగ్గర పడుతోందని, ఇకనైనా జీవితంలో పైకి రావాలన్న ఆశ ఉండాలని చెబుతాడు. పెద్దవాడు చిన్నవాణ్ణి మందలించే స్వరం అది. పని జరగకపోయేసరికి తుపాకి తీస్తాడు. టెర్రీ కోపగించడు, భయపడడు. నొచ్చుకున్నవాడిలా ఆ తుపాకిని మెల్లగా పక్కకు నెడతాడు. దాని తర్వాతే చార్లీ వెనక్కి వాలి టెర్రీ పాత బరువు గురించి, పాత రూపం గురించి మాట్లాడతాడు. 168 పౌండ్ల బరువులో తమ్ముడు ఎంత అందంగా ఉండేవాడో తలచుకుంటాడు. బిల్లీ కాన్ అంతటివాడు కాగలిగేవాడంటాడు. అలా కాకపోవడానికి తాము పెట్టిన మేనేజరు కారణమని నింద అటు తోసేస్తాడు. తులన అంటే ఇదే: నువ్వు ఇలా అయ్యావు, అలా అయివుండేవాడివి, మధ్యలో ఎవడో మూడోవాడు. టెర్రీ జవాబు ఆ మూడోవాణ్ణి తొలగించి వేలును అన్న వైపు తిప్పుతుంది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆ రాత్రి గెలవగలిగే పోటీని పందెం డబ్బు కోసం వదులుకోమని వచ్చి చెప్పినవాడు చార్లీయే. ప్రత్యర్థికి టైటిల్ అవకాశం దక్కింది, తమ్ముడికి అనామకత్వం దక్కింది. కోటు ఎక్కడినుంచి వచ్చిందో ప్రేక్షకుడికి ఆ క్షణంలో అర్థమవుతుంది. అన్న విజయం తమ్ముడి పతనానికి పక్కన ఉన్నది కాదు, దానిలోనుంచి వచ్చింది.

టెర్రీ ఫిర్యాదు సారం ఒక్కటే: అన్నవైనందుకు నన్ను కాస్త కనిపెట్టుకుని ఉండవలసింది. మూలంలో అతడు వాడేది ‘బ్రదర్’ అన్న మాట. సంబోధన మాత్రం పేరుతోనే. తెలుగు అనువాదకుడికి ఇక్కడ తప్పించుకునే దారి లేదు. ‘నువ్వు నా సోదరుడివి’ అని రాస్తే నాటకీయంగా ధ్వనిస్తుంది, ‘నువ్వు నా అన్నవి’ అని రాస్తే దావా వేసినట్టు ధ్వనిస్తుంది. రెండోదే సరైనది. తండ్రి పోయాక అనాథాశ్రమంలో పెరిగిన ఇద్దరిలో పెద్దవాడే తండ్రి స్థానంలో ఉండాలి. అతడు అమ్మింది ఒక పోటీని కాదు, ఆ స్థానాన్ని. చార్లీ ఆ దావాను ఒప్పుకుంటాడు. తుపాకిని తమ్ముడి చేతికిచ్చి దింపేస్తాడు, తాను చావుకు వెళతాడు. అంటే ఆఖరి గంటలో అతడు మళ్లీ అన్న అవుతాడు. సాక్ష్యం రాజకీయం ఎంత ముఖ్యమైనదైనా, టెర్రీని కోర్టుకు నడిపించినది సిద్ధాంతం కాదు, కొక్కేనికి వేలాడుతున్న అన్న శవం. మరుసటి ఏడాది షుల్‌బర్గ్ ‘వాటర్‌ఫ్రంట్’ నవలగా ఇదే కథ రాసినప్పుడు టెర్రీని బతకనివ్వలేదు. చిత్రంలోని చివరి విజయయాత్ర కథకు ఎంత అవసరమో సందేహించడానికి అది ఒక్కటే చాలు.

ఇరవై ఆరేళ్ల తర్వాత ఈ మాటలే ఇంకో చిత్రంలో ఇంకొకరి నోట వినిపిస్తాయి. ‘రేజింగ్ బుల్’ 1964లో మొదలవుతుంది. ఒకనాటి మిడిల్‌వెయిట్ చాంపియన్ జేక్ లమోటా (రాబర్ట్ డి నీరో) లావెక్కి, క్లబ్బుల్లో హాస్యం చెప్పి బతుకుతూ ఉంటాడు. చివర అతడు అద్దం ముందు కూర్చుని టెర్రీ మాటలను అప్పజెప్పుకుంటాడు. ఇది ఒక చిత్రం మరొక చిత్రానికి చేసిన నమస్కారంగానే చాలామందికి కనిపించింది. అయితే పాత్రల వరసను తెలుగులో చెప్పుకుంటే అసలు చిక్కు బయటపడుతుంది. టెర్రీ తమ్ముడు, జేక్ అన్న. టెర్రీని అన్న అమ్మేశాడు. జేక్ తానే తన పోటీని అమ్ముకున్నాడు. 1947లో బిల్లీ ఫాక్స్ చేతిలో కావాలని ఓడినట్టు లమోటా 1960లో సెనెట్ ఉపసంఘం ముందు ఒప్పుకున్నాడు. టెర్రీకి రాని టైటిల్ జేక్‌కు 1949లో వచ్చింది. కనిపెట్టుకుని ఉండవలసిన పెద్దవాడు ఇక్కడ జేక్. అతడేమో భార్య మీద అనుమానంతో తమ్ముడు జోయీ ఇంట్లోకి చొరబడి, పిల్లల ఎదుట అతణ్ణి చితకబాదాడు. అలాంటివాడు ‘నువ్వు నన్ను చూసుకోవలసింది’ అంటున్నాడు.

క్షేమేంద్రుని మాటల్లో ఇది అనౌచిత్యం: వక్తకు తగని వాక్యం. కాని చిత్రం ఆ అనౌచిత్యాన్నే అర్థంగా మలచుకుంది. జేక్ తన పాపాన్ని తన మాటల్లో చెప్పుకోలేడు. బాధితుడి మాటలను అరువు తెచ్చుకుంటాడు, అదీ చదువు రానివాడు పద్యం అప్పజెప్పినట్టు, ఉద్వేగం లేకుండా. ఇంగ్లీషులో ఆ మాటలు జేక్ నోట్లో అతికినట్టే ఉంటాయి, ఎందుకంటే ‘బ్రదర్’ ఎటైనా తిరుగుతుంది. తెలుగులో అవి ఒక్క వాక్యం కూడా నడవవు. ‘అన్నా’ అన్న పిలుపు దగ్గరే జేక్ ఆగిపోవాలి. పిలవడానికి అతనికి అన్న లేడు, కొట్టి పోగొట్టుకున్న తమ్ముడు మాత్రం ఉన్నాడు. అంతకుముందే ఒక రాత్రి జేక్ వీధిలో జోయీని వెంబడించి, కారు దగ్గర పట్టుకుని కౌగిలించుకుంటాడు. జోయీ కొయ్యలా నిలబడతాడు. చెప్పవలసిన మాట అక్కడ చెప్పలేకపోయాడు కాబట్టే అద్దానికి చెబుతున్నాడు.

జేక్ 1970లో ప్రచురించిన ఆత్మకథలో జోయీకి ఇంత చోటు లేదు. అందులో ప్రధానంగా కనిపించేది మిత్రుడు పీట్. స్క్రీన్‌ప్లే రచయిత పాల్ ష్రేడర్ కథ కేంద్రంలోకి జోయీని తెచ్చాడు, మిత్రుడి ప్రవర్తనలో కొంత భాగం తమ్ముడిలో కలిసిపోయింది. మిత్రుణ్ణి కొట్టడం తగాదా, తమ్ముణ్ణి కొట్టడం పతనం. ఇతివృత్తంలో ఈ మార్పు లేకపోతే జేక్ లావెక్కడం ఒక వైద్యవిషయంగానే మిగిలేది. డి నీరో ఈ పాత్ర కోసం సుమారు 60 పౌండ్ల బరువు పెరిగాడన్న వాస్తవానికి దొరికిన ప్రచారం విమర్శకుల చూపును ఆహార్యం దగ్గరే ఆపేసిందని చెప్పక తప్పదు. భరతుడు చెప్పిన నాలుగు అభినయాల్లో ఆహార్యాన్ని నటుడు తన మాంసంతో నిర్వహించడం అపూర్వమే. కాని ఆ దృశ్యాల్లో గుండెను తాకేది పొట్ట కాదు, తమ్ముడు ముద్దు పెట్టనివ్వకుండా ముఖం తిప్పుకుంటాడేమోనన్న బెదురు.

‘ది ఫైటర్’లో వరస మళ్లీ మారుతుంది. ఇక్కడ పడినవాడు అన్న, నిలిచినవాడు తమ్ముడు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణానికి చెందిన డిక్కీ ఎక్లండ్, మిక్కీ వార్డ్ అనే ఇద్దరు నిజమైన బాక్సర్ల కథ ఇది. తల్లి ఒకతే, తండ్రులు వేరు. ‘సవతి’ అన్న మాట తండ్రి ఒకడై తల్లులు వేరైనచోట వాడేది కనుక ఇక్కడ అతకదు. ఒకే ఉదరంలో పుట్టినవారన్న వ్యుత్పత్త్యర్థంలో చూస్తే వీరే అసలైన సహోదరులు. డిక్కీ ఎనిమిదేళ్లు పెద్ద. 1978లో బోస్టన్‌లో షుగర్ రే లెనార్డ్‌తో పది రౌండ్లు నిలబడ్డాడు, పాయింట్ల మీద ఓడిపోయాడు. ఆ పోటీలో లెనార్డ్ ఒకసారి నేలమీద పడ్డాడు. దెబ్బకు పడ్డాడా, కాలుజారి పడ్డాడా అన్నది వివాదం. డిక్కీ మిగిలిన జీవితమంతా ఆ ఒక్క క్షణం వడ్డీ మీద బతుకుతుంది. కథాకాలానికి అతడు కొకైన్ వ్యసనపరుడు, తమ్ముడి శిక్షకుడు, తల్లికి ముద్దుబిడ్డ.

మిక్కీ పాత్రను (మార్క్ వాల్‌బర్గ్) మెతకవాడిగా, నోరులేనివాడిగా చదవడం తేలిక. తల్లి ఆలిస్, డిక్కీ కలిసి ఆఖరి నిమిషంలో మారిన ప్రత్యర్థితో, తనకంటే ఇరవై పౌండ్లు బరువైనవాడితో తలపడమంటే ఒప్పుకుంటాడు. ఆడకపోతే ఎవరికీ డబ్బు రాదన్నది కారణం. చావుదెబ్బలు తింటాడు. పాశ్చాత్య ప్రేక్షకుడికి ఇది వ్యక్తిత్వలోపంగా తోచవచ్చు. తెలుగు పాఠకుడికి ఇది వెంటనే గుర్తుపట్టగల స్థితి. దాన్ని ‘తమ్ముడితనం’ అనవచ్చు. అన్న తాగుబోతైనా అన్నే. పైగా చేతికి గ్లవ్స్ తొడిగి నేర్పినవాడు. పోలీసులు డిక్కీని కొడుతుంటే అడ్డం వెళ్లిన మిక్కీ చెయ్యి విరుగుతుంది. బాక్సరుకు అది పనిముట్టు. అంటే ‘వాటర్‌ఫ్రంట్’లో తమ్ముడి చేతులతో అన్న సంపాదించాడు, ఇక్కడ అన్న కోసం తమ్ముడు చెయ్యి పోగొట్టుకున్నాడు. అప్పు దిశ మారింది గాని ఖాతా ఒక్కటే.

చిత్రంలో అత్యుత్తమమైన ఘట్టం రింగులో జరగదు. హెచ్‌బీఓ చిత్రబృందం ఒకటి డిక్కీని వెంటాడి చిత్రీకరిస్తూ ఉంటుంది. తాను మళ్లీ రింగులోకి దిగబోతున్న కథను తీస్తున్నారని అతడు అందరికీ చెప్పుకుంటాడు. నిజానికి వారు తీస్తున్నది మాదకవ్యసనం మీద డాక్యుమెంటరీ. ఆ డాక్యుమెంటరీ 1995లో వాస్తవంగానే ప్రసారమైంది. ప్రసారమయ్యే సమయానికి డిక్కీ జైల్లో ఉంటాడు. తోటి ఖైదీలంతా టీవీ ముందు చేరి అతణ్ణి వీరుడిలా ఉత్సాహపరుస్తారు. అతడు రాజులా కూర్చుంటాడు. తెర మీద అసలు విషయం నడవడం మొదలయ్యాక అతని ముఖంలో వచ్చే మార్పును క్రిస్టియన్ బేల్ సాత్త్వికంతో పట్టుకున్నాడు. అప్పటిదాకా ఆంగికం పొంగిపొర్లిన నటన అది: కుదురులేని చేతులు, ఎగిరే నడక, ఆగని వాగుడు. ఇక్కడ అంతా ఆగిపోతుంది. ఎప్పుడూ తన కథ తానే చెప్పుకున్నవాడు మొదటిసారి దాన్ని ఇంకొకరి నోట వింటున్నాడు. అదే సమయంలో ఇంట్లో తల్లీ, అక్కచెల్లెళ్లూ, మరోచోట మిక్కీ అదే ప్రసారాన్ని చూస్తుంటారు. బేల్ ఈ పాత్ర కోసం బరువు తగ్గాడు. డి నీరో పెరిగాడు. రెండూ ఒకే రకమైన సాహసంగా చెప్పుకోవడం మామూలే. కాని బేల్ సన్నని శరీరం డిక్కీ పతనాన్ని మొదటి దృశ్యంలోనే చెప్పేసినా ప్రేక్షకుడు దాన్ని అతని హుషారులో మర్చిపోతాడు. జైలు ఘట్టం దాన్ని తిరిగి గుర్తుచేస్తుంది.

ఇక్కడితో కథ ఆపితే డిక్కీ హెచ్చరికగా మిగిలేవాడు, మిక్కీ ఆదర్శంగా. ‘వాణ్ణి చూసి బుద్ధి తెచ్చుకో’ కథ పూర్తయ్యేది. చిత్రం అలా ఆగదు. జైలునుంచే డిక్కీ సాంచెజ్‌తో జరగబోయే పోటీకి ఒక వ్యూహం చెబుతాడు. మిక్కీ వద్దంటాడు. రింగులో ఓడిపోతున్న క్షణంలో ఆ వ్యూహాన్నే పాటించి గెలుస్తాడు. కాబట్టి అన్నను వదిలించుకున్నాకే తమ్ముడు పైకి వచ్చాడన్న పఠనం సగమే నిజం. చిత్రం మొదటి సగం ఆ పఠనాన్ని ప్రోత్సహిస్తుంది, ఈ పోటీ దాన్ని పడగొడుతుంది. తమ్ముడి శరీరంలో నడుస్తున్న జ్ఞానం అన్నది. ఆ అన్న దగ్గర జ్ఞానం మిగిలింది, దాన్ని నడపగల శరీరం లేదు. ఇద్దరినీ కలిపితేనే ఒక బాక్సరు అవుతాడు. 2000 మార్చిలో లండన్‌లో షే నియరీతో టైటిల్ పోటీ జరిగేటప్పుడు డిక్కీ తమ్ముడి మూలన నిలబడి, తన అవకాశాన్ని తాను పాడుచేసుకున్నానని ఒప్పుకుంటాడు. లెనార్డ్ పేరుతో ఊరందరి ముందూ పెంచుకున్న గొప్పను ఒక్క మనిషి ముందు దించుతాడు. ఆ మనిషి తమ్ముడు కావడం ముఖ్యం. టెర్రీ పెద్దవాణ్ణి నిలదీశాడు, జేక్ అద్దంతో మాట్లాడాడు, డిక్కీ చిన్నవాడి ముందు తల వంచాడు. పెద్దరికం విలువ తెలిసిన భాషలో చదివితే మూడింటిలోనూ కష్టమైనది ఈ చివరిదే. ఎనిమిదో రౌండులో మిక్కీ గెలుస్తాడు.

ఒక అభ్యంతరం మిగిలి ఉంది. డిక్కీ ఒప్పుకోలు తమ్ముడు గెలవడం వల్లనే సహించదగినదైంది, మిక్కీ ఓడివుంటే ఆ మాటలకు ఏ విలువ ఉండేది అని అడగవచ్చు. హాలీవుడ్ గెలుపుతోనే క్షమను కొనిపెడుతుందన్న విమర్శ ఇక్కడ న్యాయమైనదే. ‘రేజింగ్ బుల్’ ఆ సౌకర్యాన్ని ఒప్పుకోలేదు; ఆ మేరకు అది గొప్ప చిత్రం. ‘ది ఫైటర్’ తన కథను 2000లో ఆపుకోవడం యాదృచ్ఛికం కాదు. మిక్కీ వార్డ్‌ను నేడు బాక్సింగ్ అభిమానులు గుర్తుంచుకున్నది నియరీతో పోటీ వల్ల కాదు, 2002, 2003 సంవత్సరాల్లో ఆర్టురో గాట్టీతో తలపడిన మూడు పోటీల వల్ల. మొదటిది గెలిచాడు, తర్వాతి రెండూ ఓడిపోయాడు, 37 ఏళ్ల వయసులో తప్పుకున్నాడు. చివరి లెక్కలో అతనివి 38 గెలుపులు, 13 ఓటములు. డిక్కీవి 19 గెలుపులు, 10 ఓటములు. ‘విజయవంతుడైన తమ్ముడు’ కూడా ముప్ఫై దాటిన బాక్సరే. అతని క్షయాన్ని చూపడానికి మాత్రం చిత్రం కెమెరాను ఉంచలేదు.